మనోషె కొరికిన రొట్టె

ఆ రొట్టెను కొరికింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే చెప్పాల్సినవాళ్లకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నా పేరు బులోర్. సమర్ఖండ్‌లో పుట్టాను, పెళ్లయి బుఖారా యూదుల పేటకు, అంటే మహల్లాకు, వచ్చి ముప్పై ఎనిమిదేళ్లయింది. మా వాళ్లలో చాలామంది హైఫాకో ఇంకెక్కడికో వెళ్లిపోయారు. ఇప్పుడు బృందాలు కట్టుకుని తాతల సమాధులు చూడ్డానికి వస్తుంటారు. వాళ్లను పది రోజులు దేశమంతా తిప్పేది నేను. తాష్కెంట్, బుఖారా, సమర్ఖండ్. సినగాగులు, శ్మశానాలు, మధ్యమధ్యలో పులావు. ఏ వీధిలో ఎవరి తాత ఎవరి నానమ్మతో పోట్లాడాడో కూడా చెబుతాను. తెలియకపోతే కల్పిస్తాను. కల్పించడం తప్పని ఆ సెప్టెంబరు దాకా నాకు తోచలేదు.

రొట్టె సంగతి చెప్పాలి. మా దగ్గర ఎవరైనా దూరం వెళ్తుంటే గడప దాటే ముందు గుండ్రటి రొట్టెను ఒక్కసారి కొరుకుతారు. మిగతాది గోడకు వేలాడదీస్తారు. తిరిగొచ్చి దాన్ని తినాల్సింది కొరికిన మనిషే. ఎన్నేళ్లయినా సరే, అప్పటిదాకా అది గోడమీదే ఉంటుంది.

పదకొండేళ్ల కిందట షుహ్రాత్ అనే ఆయన మా వీధిలో మూడు పాత యూదుల ఇళ్లు కొని, కలిపి హోటల్ చేశాడు. బృందాలను అక్కడికి తీసుకెళ్తే రంగుల పైకప్పు చూసి ఆహా అనేవాళ్లు, ఖాళీ గోడలు చూసి ఆవులించేవాళ్లు. నాకు ఒళ్లు మండింది. ఒక పొద్దున బజారులో రొట్టె కొని, కొరికి, ఆ గోడకు తగిలించాను. "ఈ ఇంటివాళ్లు వెళ్లిపోయిన రోజు కొరికింది" అన్నాను. ఇంకేముంది! ఏడ్చేవాళ్లు ఏడ్చారు, ఫోటోలు తీసేవాళ్లు తీశారు. నేను కూడా పక్కన నిలబడి ముక్కు తుడుచుకునేదాన్ని.

ఆ ఫోటోల్లో ఒకటి హైఫాలో సివ్యో కంట పడింది.

సివ్యో బడిలో లెక్కలు చెప్పే టీచరు, యాభై అయిదేళ్లుంటాయి. ఎనిమిది మంది బృందంలో అందరికంటే తక్కువ మాట్లాడేది ఆవిడే. తాష్కెంట్‌లో బుఖారా రైలెక్కాక వచ్చి నా పక్కన కూర్చుని ఫోను చూపించింది.

"అక్కా, ఈ రొట్టె ఇంకా అక్కడే ఉందా?"

"ఉండక ఎక్కడికి పోతుంది?" అన్నాను గొప్పగా.

"ఇది మా నాన్నది."

నా నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

వాళ్ల నాన్న పేరు మనోషె. బుఖారాలో మంగలి, హోటల్‌లో కలిసిపోయిన ఆ మూడిళ్లలో ఒకటి వాళ్లదే. డెబ్బై మూడులో కుటుంబంతో వెళ్లిపోయాడు, అప్పుడు సివ్యోకు పదేళ్లు. పోయిన ఏడాది హైఫాలో పోయాడు. చివరి రోజుల్లో మంచినీళ్లు కూడా అడగలేదట. "నా రొట్టె మిగిలిపోయింది, సివ్యో" అన్నాడట, అదే మాట, మళ్లీ మళ్లీ.

"వచ్చే వారం నాన్న ఏడాది జరుపుతున్నాం. అందరూ వస్తారు, ప్రార్థన, భోజనాలు. అంతకుముందే నేను ఆ రొట్టె తినేసి వెళ్లాలి" అంది సివ్యో. "తినకపోతే ఆయన ఇంకా దారిలోనే ఉన్నట్టుంటుంది నాకు. ఇటూ చేరలేదు, అటూ చేరలేదు."

"ఇది ఆయనదేనని నీకెలా తెలుసమ్మా?"

ఆమె ఫోటోను పెద్దది చేసింది. కొరికిన చోట, సరిగ్గా మధ్యలో, సన్నటి గట్టులా మిగిలిపోయిన పిండి. "చూడు, ముందు పళ్ల మధ్య సందు. నాన్నకు అచ్చం ఇలాగే ఉండేది. ఆ సందులోంచే ఈల వేసి నన్ను పిలిచేవాడు."

నాకూ ముందు పళ్ల మధ్య సందుంది. చిన్నప్పుడు మా అక్కలు అందులో గోధుమ గింజ నిలబెట్టి పందేలు కట్టుకునేవాళ్లు. చప్పున నోరు మూసుకున్నాను. బుఖారా చేరేదాకా, చేరాక కూడా, తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడాను. బృందంలో గవ్రియెల్ అని పాత ట్రామ్ ఇంజనీరు ఒకాయన ఉన్నాడు, ప్రతిదానికీ ఆరా తీసే మనిషి.

"ఏంటి బులోర్, పన్ను నొప్పా?" అన్నాడు.

"అవును, మీ ప్రశ్నలకి జవాబులు చెప్పీ చెప్పీ" అన్నాను, గుడ్డ వెనక నుంచి.

మర్నాడు పొద్దున కావాలనే ఆలస్యం చేశాను. సినగాగులో అరగంట చాలు, గంటన్నర చేశాను. శ్మశానంలో ఎవరూ అడగని సమాధుల దగ్గర కూడా ఆగాను. సాయంత్రం ఐదింటికి సమర్ఖండ్ రైలు. ఈలోగా వాన పడితే బాగుండుననుకున్నాను. సెప్టెంబరులో బుఖారాలో వాన! చివరికి మధ్యాహ్నం హోటల్‌కు వెళ్లక తప్పలేదు.

సివ్యో తెల్లటి గుడ్డ తెచ్చుకుంది. చేతులు కడుక్కుని వచ్చి రొట్టె ముందు నిలబడింది. చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంటున్నాను. ఆమె చెయ్యి చాపి, మధ్యలో ఆగిపోయింది. నొసలు ముడిచింది.

"అక్కా, ఇన్నేళ్లూ ఇది ఈ గోడకే ఉందా?"

"ఆ."

"ఎవరు చూసుకున్నారు?"

"ఒక ముసలామె ఉండేదిలే, ఇల్లు అమ్మేదాకా."

"మన యూదులావిడేనా?"

"కాకపోతే?"

"మరి పస్కాకి?"

పస్కా ఎనిమిది రోజులూ యూదుల ఇంట్లో పులిసిన రొట్టె తునక కూడా ఉండకూడదు. మా అమ్మ కోడి ఈకతో గోడ పగుళ్లు కూడా ఊడ్చేది. అలాంటి ఇంట్లో గోడకు రొట్టె! షుహ్రాత్ తగిలించి ఉంటే పాపం ముసల్మాను, అతనికేం తెలుసులే అనుకోవచ్చు. మా తాత సినగాగులో ప్రార్థన చేయించేవాడు, ఆయన మనవరాలిని నేను! పదకొండేళ్లలో ఎన్ని బృందాలు వచ్చి ఏడ్చి వెళ్లాయో, ఒక్కరికి తట్టలేదు. నాకూ తట్టలేదు.

"మంచి ప్రశ్న" అన్నాడు గవ్రియెల్.

"పులావు చల్లారిపోతోంది, పదండి పదండి" అని ఆయన్నీ మిగతావాళ్లనీ భోజనానికి తోలేశాను. సివ్యో ఒక్కత్తే మిగిలింది. నేను నోటికి అడ్డం ఉన్న గుడ్డ తీసి పళ్లు బయటపెట్టాను.

"చూడు."

ఆమె నా పళ్లు చూసింది. రొట్టె చూసింది. మళ్లీ నా పళ్లు చూసింది.

"నువ్వా?"

"నేనే. బజారు రొట్టె. బృందాలకు చూపించడానికి."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఏడాదిగా రోజూ పడుకునే ముందు నీ పళ్ల గుర్తు చూసుకుని ఏడ్చాను" అంది మెల్లగా, వెళ్లి పెరట్లో ద్రాక్ష పందిరి కింద కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయాను. టీ పోసి తీసుకెళ్తే ముఖం తిప్పుకుంది. అయినా కప్పు పెట్టి అక్కడే కూర్చున్నాను, ఎక్కడికని వెళ్తాను?

ఆమె చివరికి కప్పు అందుకుని, లెక్క మొదలుపెట్టే టీచరు గొంతుతో అడిగింది. "సరే. అసలుది ఎక్కడుంటుంది?"

"చెల్లీ, నలభై అయిదేళ్లు! ఎలుకలు ఎప్పుడో పెళ్లి భోజనం చేసుంటాయి."

"చేస్తే ఎక్కడ చేశాయో చూస్తాను. నాన్న కొరకడం నేను కళ్లారా చూశాను. మనింట్లో ఉంచరు, ఆ ముక్క నీకు ఇవాళ తెలిసిందనుకో." నేను తల దించుకున్నాను. ఆమె ఆగలేదు. "పస్కాకి ముందు మీ అమ్మ ఇంట్లో పిండీ రొట్టే ఎవరికిచ్చేది?"

"పక్కింటి ముసల్మాన్ల ఆవిడకి. అందరం అంతేగా."

"మా అమ్మ కూడా అంతే. ఎనిమిదో రోజు చీకటి పడగానే ఆవిడే పళ్లెం నిండా వేడి రొట్టెలు పట్టుకొచ్చేది. మాకు పండగంటే ఆ వాసనే. మనిషి కళ్లముందు ఉంది, పేరు రావట్లేదు. నీలం తలుపు... అంజూరచెట్టు... సలోమత్ అత్త!"

"సలోమత్? మవ్లూదా వాళ్లమ్మా?"

నీలం తలుపు ఇప్పుడు ఆకుపచ్చది. హోటల్ గోడకు అవతలే. మవ్లూదాతో నాకు తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. అందరిముందూ నన్ను కోతలరాణి అంది. ఎందుకందో ఆలోచించకుండా నేను అలిగి కూర్చున్నాను.

తలుపు తట్టాను. డెబ్బై ఏళ్ల మవ్లూదా పిండి చేతులతో తీసింది.

"ఓహో, కోతలరాణీ! దారి తప్పి వచ్చావా?"

"నాకోసం రాలేదులే. ఈవిడ మనోషె కూతురు."

మవ్లూదా పిండి చేతులతోనే సివ్యో గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. "మంగలి మనోషె? ఈల మనోషె? ఏమే, ఇన్నాళ్లా రావడానికి! మా అమ్మ చూసీ చూసీ పోయింది. రా లోపలికి, రా."

లోపలి గదిలో మడతపెట్టిన పరుపుల పైన, మేకుకు, పల్చటి గుడ్డలో గుండ్రంగా వేలాడుతోంది. అసలుది గోడకు అటువైపు ఉంటే నేను ఇటువైపు నిలబడి పదకొండేళ్లు నకిలీది చూపించాను.

సివ్యో గుడ్డ విప్పింది. రొట్టె మధ్యలో, కాల్చేముందు మేకుల అచ్చుతో పొడిచిన చుక్కల ముగ్గు, బయటి వరసలో ఒక చుక్క లేదు. దానిమీద వేలు పెట్టి కేక పెట్టింది. "మా అమ్మ అచ్చు! ఈ మేకు నేనే విరగ్గొట్టాను, దెబ్బలు తిన్నాను!"

"వెళ్తూ మా అమ్మకిచ్చింది. ఇప్పటికీ దాంతోనే పొడుస్తా" అంది మవ్లూదా.

సివ్యో రొట్టెను తిప్పి చూసింది. కొరుకు ఉంది. సందు లేదు. పైగా రొట్టె నలభై అయిదేళ్లదిలా లేదు.

"ఇది... నాన్న కొరికింది కాదు కదా, అక్కా?"

"నేను కొరికా. ఈ నవ్రూజ్ పండక్కి. కట్టుడు పళ్లు, ఏమనుకోకు."

నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మవ్లూదా పరుపులకు ఆనుకుని కూర్చుని చెప్పింది. మనోషె కొరికిన రొట్టె ఆరేళ్లుంది. తర్వాత పురుగు పట్టింది. సలోమత్ దాన్ని నీళ్లలో నానబెట్టి పావురాలకు వేసి, రోజంతా ఏడ్చి, అదే అచ్చుతో కొత్తది కాల్చింది. "మనోషె కోసం" అని పేరు చెప్పి కూతురి చేత కొరికించి, మళ్లీ తగిలించింది. అప్పట్నుంచి ప్రతి నవ్రూజ్‌కీ, వసంతంలో వచ్చే కొత్త సంవత్సరానికి, అంతే. పోయేముందు కూతురి చెయ్యి పట్టుకుని ఒకటే మాట అడిగిందట. "మనిషి వచ్చిన రోజున గోడ ఖాళీగా ఉంటే ఏ మొహంతో తలుపు తీస్తావే?"

"అంటే నువ్వూ నాలాగే..." అన్నాను, నోరూరుకోక.

"నోర్ముయ్! నువ్వూ నేనూ ఒకటా? కొరికేటప్పుడు ఎవరి పేరు చెప్పావే నువ్వు?"

నేను ఎవరి పేరూ చెప్పలేదు. బజారులో నిలబడి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకుని, కొరికాను.

"పేరు చెప్పి కొరికితే ఆ పేరున్న మనిషిది. చెప్పకపోతే నీది. నీ ఎంగిలి ఊరందరికీ చూపిస్తున్నావు. పో, తెచ్చుకుని తిను."

"పదకొండేళ్లదే తల్లీ!"

"టీ పోస్తాలే."

వెళ్లి తెచ్చాను. షుహ్రాత్ అడిగితే బూజు పట్టిందన్నాను, అదే ఆ రోజుకు చివరి అబద్ధం. తిరిగొచ్చేసరికి సివ్యో చేతులు కడుక్కుని, ప్రార్థన చెప్పుకుని, రొట్టె చేతిలో పట్టుకుని కూర్చుంది గానీ నోట పెట్టలేదు.

"నేను తినొచ్చా అక్కా? తినాల్సింది ఆయన కదా."

"నీ ఒంట్లో ఉన్నదెవరి రక్తం? తిను" అంది మవ్లూదా.

తిన్నది. టీలో ముంచుకుని, తుంచుకుని, గంట సేపు. నేనూ నాది తిన్నాను. ఎలా ఉందో అడగకండి. సివ్యో చివరికి గుడ్డ మీద రాలిన తునకలు కూడా వేలికి అద్దుకుని నోట్లో వేసుకుంది. ఖాళీ గుడ్డను ఒళ్లో పరుచుకుని, అరచేత్తో సాపు చేస్తూ ఉండిపోయింది.

"పళ్లు ఊడిపోయాక నాన్నకు ఈల పోయింది. విని ఇరవై ఏళ్లయింది" అంది. తర్వాత నావైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో, చిన్నపిల్లకుండే కుతూహలం ఉంది. "నీకు వస్తుందా అక్కా?"

"ఎలా వేసేవాడు?"

"రెండు పొట్టివి, ఒకటి పొడుగు."

మొదటిసారి రొట్టె తునకలు ఎగిరి మవ్లూదా మీద పడ్డాయి, ఆవిడ తిట్టింది. నీళ్లు పుక్కిలించి, నిన్నట్నుంచి దాచుకున్న ఆ సందుకు నాలుక ఆనించి మళ్లీ ఊదాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

సివ్యో దిగ్గున లేచి నిలబడింది. గుడ్డ కింద పడింది.

"వస్తున్నా నాన్నా" అంది.