ప్రాణమేమీ లేని ఇసుక

పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానే నా భర్త జితేందర్ ఐసు డబ్బా తెచ్చి వంటగట్టు మీద పెట్టాడు. "సముద్రం ఇసుకొచ్చింది. వంటైనంక చూడు."

పెళ్లయి పదకొండేళ్లు. నీళ్లూ మట్టీ పరీక్షించే ఆయన ల్యాబు అబిడ్స్‌లో, ఇల్లు నాంపల్లిలో. మైక్రోస్కోపు మాత్రం ఇంటి వెనకగదిలోనే ఉంటుంది, దాని ముందు కూర్చునేది నేను కాబట్టి. జంతుశాస్త్రం చదివింది నేను, రిపోర్టుల మీద పేరు ఆయనది. ఒకసారి అడిగితే అత్తమ్మ నవ్వింది. "నీ పేరు కాయిదం మీదొస్తే కూర కమ్మగైతదా బిడ్డా?"

ఇసుక కడిగిన నీళ్లను చుక్కచుక్కగా చూశాను. రేణువుకూ రేణువుకూ మధ్య పల్చటి నీటిపొరలో బతికే జీవులవి, సూదిమొన కన్నా చిన్నవి. ఒకదానికి పొట్టకింద సన్నని నూగు, దాని మీదే జారుతూ పోతుంది. రెండు పాయల తోక చివర జిగురు గొట్టాలు, అల లాగినప్పుడు రేణువును పట్టుకోడానికి. ఇంకొకటి ఎనిమిది కాళ్లతో పాకుతోంది. సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు తేలాయి.

ఆయన ముందే టైపు చేయించిన రిపోర్టు తెచ్చాడు. ఆ తీరంలో రేవు కట్టబోయే కంపెనీ కోసం. 'ఇసుకలో జీవులు: శూన్యం.' కింద, మొట్టమొదటిసారి, నా పేరు. 'పరీక్షించినవారు: ఉజ్వల.'

ఆ పేరును రెండుసార్లు చదివాను.

"ఇసుక నిండ ఉన్నయి. నేనే లెక్కపెట్టిన."

"కండ్లకు కనిపించని పురుగుల కోసం రేవు ఆపుతరా? గీడ సంతకం పెట్టు."

"గిన్నేండ్లు లేని నా పేరు గిప్పుడెందుకు?"

ఆయన పెన్ను మూత తీసి నా ముందు పెట్టాడు. రేపెవరైనా ఆ ఇసుక మళ్లీ తవ్వి చూస్తే, నిలదీయడానికి ఒక పేరు కావాలి.

"జర సోచాయించు, మంచిగ ఆలోచన చేస్కో. సంతకం పెట్టేదాంక గీడనే ఉండు" అని బయటికెళ్లి వెనకగది తలుపుకు గొళ్లెం పెట్టాడు.

ఆ తలుపుకు బయటివైపు గొళ్లెం ఉందని నేనెప్పుడూ గమనించలేదు. అవతలి గదిలో అత్తమ్మ టీవీ శబ్దం పెంచింది. అరిచినా ఎవరూ రారని అర్థమైంది.

'శూన్యం' కొట్టేశాను. పక్కన నాలుగు వందల పన్నెండు అని రాసి సంతకం చేశాను. రేవు మీద ప్రజలు అభ్యంతరాలు పంపాల్సిన ప్రభుత్వ ఈమెయిలు రిపోర్టు మొదటి పేజీలోనే ఉంది. ఫోన్‌తో ఫోటో తీసి పంపాను.

గొళ్లెం తీసిన చప్పుడు.

"పెట్టినవా?"

"ఔ, పెట్టిన" అన్నాను. కాగితం ఆయన చేతికే ఇచ్చాను.