నాలుగో ప్రెస్సు, ఖాళీ గడి

నేను ఒక సెన్సార్‌ను. రెండు పసుపు కడ్డీలు, వాటి మధ్య కంటికి కనపడని వెలుగు, అంతే నా ఒళ్లు. రేకును నొక్కి వంచే ప్రెస్సు మిషనుకు అటూ ఇటూ నన్ను బిగిస్తారు. వెలుగుకు చెయ్యి అడ్డొస్తే మిషను ఠక్కున ఆగుతుంది. ఆపడం తప్ప నాకు మరో విద్య రాదు.

పుట్టింది పుణే దగ్గర. అట్టపెట్టెలో పడుకుని బాలానగర్‌కు వచ్చాను, స్విచ్‌బోర్డులకు రేకు డబ్బాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీకి. నాలుగో ప్రెస్సు మీద భద్రయ్యకు రెండు వేళ్లు పోయాకే నన్ను కొన్నారు. ఆయన్ను సూపర్‌వైజర్‌ను చేశారు. ఆయన స్టూలు మీదికి బాలమణి వచ్చింది. మొదట్లో నేనంటే ఆమెకు ఒళ్లుమంట. పీసు రేటు పని మరి, నేను ఆపినప్పుడల్లా ఆమెకు ఒకటో రెండో డబ్బాలు తగ్గేవి. పోనుపోను అలవాటైపోయాను. పొద్దున్నే వచ్చి పాతగుడ్డతో నా కడ్డీలు తుడిచి మరీ కూర్చునేది.

అలా ఆరేళ్లు. మేనేజర్ వినాయక్‌రావుకు మాత్రం నాతో ఏటా తంటాయే. ప్రతి పరికరానికీ ఆయన ఒక లాభనష్టాల కాగితం నింపి పైకి పంపాలి. నష్టం రాయడం తేలిక, ఎన్నిసార్లు ఆపానో మీటరే చెబుతుంది. పోకుండా మిగిలిన వేలును ఏ గడిలో రాస్తారు? నేను ఆపినవాటిలో ఏది చెయ్యో, ఏది ఉత్త కొంగో నాకే తెలియదు. లాభం గడి ఖాళీగానే వెళ్లేది.

ఈసారి ఆయన విసిగిపోయాడు. ఆరేళ్లలో ఒక్క ప్రమాదమూ జరగలేదు కాబట్టి నా అవసరం లేదని తేల్చేశాడు. భద్రయ్య వద్దని బతిమాలాడు. ఎంత మిగులుతుందో అంకె చెప్పమన్నాడు మేనేజర్. భద్రయ్య తన మూడు వేళ్ల చెయ్యి చూసుకున్నాడు. తనే నట్లు విప్పి నన్ను స్టోరులో పెట్టాడు. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా అనిపించింది. అంతగా అలిసిపోయాను.

మర్నాడు స్టోరు జాలీ తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. బాలమణి రేకు పెట్టింది. ఆరేళ్ల అలవాటు, చెయ్యి పూర్తిగా తీయకుండానే పెడలు తొక్కింది. నేనుంటే రేకును నొక్కే ఇనుప దిమ్మె దిగేది కాదు. దిగింది. చెయ్యి వెనక్కి వచ్చింది గానీ గాజులు రాలేదు. ఆమె లేచి నిలబడింది.

"అది లేకుంట నేను కూసోను సారూ," అంది మేనేజర్‌తో, గొంతు పెంచకుండా.

"ఇంకొకరిని కూర్చోబెడతాను."

"కూసోబెట్టుండ్రి. ముందుగాల ఈ గాజు ముక్కలు ఏరిపియ్యుండ్రి."

ఎవరూ కూర్చోలేదు. రెండు రోజులు నాలుగో ప్రెస్సు ఆగిపోయింది. మూడో రోజు మేనేజర్ పంపితే భద్రయ్య వచ్చి నన్ను మళ్లీ బిగించాడు.

ఇప్పుడు నా కాగితంలో లాభం గడి ఖాళీగా లేదు. ఆ రెండు రోజుల్లో ఎన్ని డబ్బాలు తగ్గాయో లెక్కగట్టి ఆ అంకె వేశారు. బాలమణి వేళ్లు ఆ లెక్కలో లేవు. పదీ ఆమె చేతులకే ఉన్నాయి.