గడియ లేని తలుపు, అమ్మ పాట

అమ్మ పాట వినిపిస్తోందంటే స్నానాల గదిలో మనిషి ఉందని అర్థం. ఆ తలుపుకి గడియ ఊడిపోయి చాలా ఏళ్లయింది. నేను బడిలో చేరేనాటికే లేదు. నానమ్మ లోపలికి వెళితే దగ్గుతూ ఉంటుంది. నాకు సిగ్గుతో నోరు పెగలదు కాబట్టి చెంబుతో బకెట్టు మీద టకటకా కొడుతూ ఉంటాను. నాన్నకు ఇవేవీ అక్కర్లేదు. ఆయన లోపలున్నంతసేపూ ఇల్లంతా ఆ సంగతి గుర్తుపెట్టుకునే తిరుగుతుంది. వచ్చిన చుట్టాలు మాత్రం "ఎంత అదృష్టవంతురాలివమ్మా, స్నానం చేస్తూ కూడా పాటలే!" అంటారు. "మా ఇంట్లో దేనికి లోటు?" అని నాన్న మురిసిపోతాడు. అమ్మ నవ్వి ఊరుకుంటుంది. అది సంతోషమేనని నేనూ చాలాకాలం అనుకున్నాను.

అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఈమధ్య మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగి, ఎడమ చంక దగ్గర చెయ్యి పెట్టుకోవడం చూశాను. అడగాలంటే సిగ్గు. అడక్కుండా ఉందామంటే అన్నం సయించలేదు. చివరికి దారం ఎక్కించే వంకతో పక్కన చేరి, సూది వైపు చూస్తూ అడిగాను. "రొమ్ములో ఒకచోట గట్టిగా ఉన్నట్టుందే చిట్టీ. నాన్నకు చెప్పకు, కంగారుపడతారు" అంది. ఆ మధ్యాహ్నమే, నా బడి పుస్తకాలు కూడా పట్టుకుని, ఇద్దరం ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం.

నర్సు తొందరపడకుండా చూసింది. "నెలసరి ముందు ఇలా గట్టిపడటం మామూలేనమ్మా. అలాగని వదిలెయ్యకూడదు. నెలసరి అయిపోయాక మీరే ఒకసారి తీరిగ్గా చేత్తో తడిమి చూసుకోండి. అప్పటికీ ఉంటే వెంటనే రండి, పెద్దాసుపత్రికి పంపిస్తాను" అంది. తర్వాత అమ్మ వీపు మీద లోపల వేసుకునే బాడీ పట్టీ ఒరుసుకుపోయిన గుర్తులు చూసి, "ఇది ఏనాటి కొలత?" అని అడిగింది. అమ్మ తలవంచుకుంది. వీధిలో ఆడవాళ్లందరికీ టేపు పెట్టి కొలిచే మనిషి, తనది మాత్రం పెళ్లినాటి కొలతే. "బిగుతు బట్టలతో జబ్బు రాదులెండి, కానీ ఒళ్లు ఒరుసుకుపోతుంది. రోజూ కాసేపు నడవండి, వేళకి తినండి, కంటినిండా నిద్రపోండి. ఇవన్నీ చేస్తే ఏ జబ్బూ రాదని మాటివ్వలేను. కానీ మన ఒంటి సంగతి ముందు మనకి తెలియాలి కదా!" అంది. నా వైపు తిరిగి, "నువ్వేంటమ్మా, ఆ పుస్తకాలు ఎవరో లాక్కుపోతున్నట్టు గుండెలకి అదుముకున్నావు? తిన్నగా నిలబడు" అంది. నా చెవులు వేడెక్కాయి.

దారిలో అమ్మ అంది కదా, "తీరిగ్గా చూసుకోమంది. ఆ తీరిక ఏ కొట్లో దొరుకుతుందో అది కూడా చెప్పాల్సింది." ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే అది నవ్వే మాట కాదని తెలిసింది. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో నానమ్మ మంచం, రెండోదాంట్లో మిషన్, కొలతలకు వచ్చే వాళ్లు, సాయంత్రమైతే నాన్న. నలుగురి పనీ చక్కబెట్టే మనిషికి తనను తాను చూసుకోవడానికి మూల కూడా లేదు. మిగిలింది ఆ స్నానాల గదే.

నెలసరి అయిపోయిన తర్వాత ఒక ఉదయం అమ్మ పాట మధ్యలో ఆగిపోయింది. ఎందుకో నాకు తెలుసు. పాడుతూ చూసుకుంటే చేతికి ఏం తెలుస్తుంది? నేను చీపురు పట్టుకుని అటు కాపలాకి వెళ్లేలోపే నాన్న తలుపు తోసేశాడు. "అరె, పాట లేదుగా, ఖాళీ అనుకున్నాను. ఇంతకీ నా తువ్వాలు ఎక్కడ పెట్టావు?" తలుపు సందులోంచి అమ్మ తడి చెయ్యి తువ్వాలు అందించింది. వెనకాలే నానమ్మ గొంతు: "ఏమే, పెళ్లికూతురివా ఇంతసేపు?" వెంటనే లోపల పాట మొదలైంది, ఆగిన చోట కాదు, మళ్లీ మొదటినుంచి.

ఆ రోజు అమ్మ కుట్టు పని పక్కన పెట్టి ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లొచ్చింది. టేపుతో తలుపు కొలిచి, సుద్దతో గుర్తు పెట్టి, మిషన్ విప్పే స్క్రూడ్రైవర్ తీసింది. నేను గడియ కదలకుండా పట్టుకున్నాను.

"మనింట్లో మనకి గడియేంటే? దొంగలొస్తారా?" అన్నాడు నాన్న.

"దొంగల కోసం కాదండీ" అంది అమ్మ, స్క్రూలు పళ్ల మధ్య పట్టుకునే.

"లోపల జారి పడితే ఎవరు తీస్తారే?" అంది నానమ్మ.

"పడితే అరుస్తానత్తయ్యా. నా గొంతు సంగతి ఇన్నేళ్లుగా వింటున్నారుగా!"

నానమ్మ ముందు మూతి ముడిచింది. తర్వాత దగ్గరికి వచ్చి, "ఇంకాస్త కిందకి పెట్టు, నాకు అందొద్దూ?" అంది.

మర్నాడు గడియ పడ్డ చప్పుడు విన్నాను. పాట లేదు. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగాడు. "ఏమోయ్, పాట లేదేం?" అన్నాడు. లోపలినుంచి "ఉన్నాను" అని మాత్రం వినిపించింది. నేను చీపురు పట్టుకుని తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాను. నీళ్ల చప్పుడు కూడా లేదు. ఎంతసేపటికో గడియ తీసి, తల తుడుచుకుంటూ వచ్చింది అమ్మ. నా పక్కనుంచి వెళుతూ, "మెత్తబడింది చిట్టీ. ఏమీ లేదు. రెండోసారి కూడా చూసుకున్నాను" అంది. ఆ తర్వాత నానమ్మ లోపలికి వెళ్లింది. దగ్గు వినిపించలేదు.

సాయంత్రం అమ్మ మిషన్ మీద గుడ్డ కప్పి చెప్పులు వేసుకుంది. "అన్నం?" అన్నాడు నాన్న. "వచ్చాక. ఆకలేస్తే గిన్నె మీద మూత తీసుకోవచ్చు" అంది. కొత్త కొలతతో కుట్టుకున్న వదులు బాడీలో భుజాలు విప్పి నడుస్తోంది అమ్మ. పక్కన నేను చేతులు ఊపుకుంటూ నడిచాను. వీధి మలుపు తిరిగాక ఎవరికీ వినిపించనంత మెల్లగా పాడటం మొదలుపెట్టింది, ఆ స్నానాల గది పాటే. పల్లవి అయింది, నాకు తెలిసిన చరణం అయింది. అమ్మ ఆగలేదు. ఆ పాటకు ఇంకో చరణం ఉందని నాకు అప్పుడే తెలిసింది.