బోలు చప్పుడు

మధ్యాహ్నం మూడు దాటేసరికి ఆయా ఫోను మళ్ళీ మోగింది. పొద్దుటినుంచి ఎన్నోసారో లెక్క తప్పింది. ఆమె ఎత్తలేదు. ఎత్తితే అవతల ఉన్నది ఎవరైనా విషయం ఒకటే. కొందరు ఎత్తగానే తిడతారు. కొందరు "ఆ ఆయావి నువ్వేనా?" అని మర్యాదగా ఖాయం చేసుకుని మరీ తిడతారు.

ఫోనుని దిండు కిందకి తోసి, మంచం మీద కుడిపక్కకి తిరిగి పడుకున్న టీచరమ్మ వీపుకి చెవి ఆనించింది. లోపల గురగురమంటోంది, గిన్నెలో నీళ్ళు కుతకుతలాడినట్టు. పొద్దున్నే కదిలించాల్సిన కఫం. ఇంకా అక్కడే ఉంది.

"కాసేపు ఓపిక పట్టండమ్మా," అంది ఆయా. "మీ అబ్బాయిగారు పైకి రానీండి, చేసేద్దాం."

టీచరమ్మకి పక్షవాతం వచ్చి పదిహేను నెలలైంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మింగుడు సరిగ్గా పడక ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, దగ్గి ఉమ్మే బలం లేదు. అందుకని ఆసుపత్రినుంచి పంపేటప్పుడు అక్కడి ఫిజియోథెరపీ ఆయన ఆయాకి ఒక పని నేర్పాడు. మనిషిని పక్కకి తిప్పి, నడుం కింద దిండు పెట్టి, పక్కటెముకల మీద తువ్వాలు మడిచి పరిచి, అరచేతుల్ని నీళ్ళు తాగే దోసిలిలా వంచి, ఒకదాని తర్వాత ఒకటి టపటపా వెయ్యాలి. చోటుకి అయిదు నిమిషాలు. వెన్నుపూస మీద పడకూడదు, నడుం దాకా దిగకూడదు. "చప్పుడు బోలుగా రావాలి. చెంపదెబ్బ చప్పుడొచ్చిందంటే నీ చెయ్యి తప్పు," అన్నాడాయన. ఆయా వారం రోజులు తన తొడమీదే వేసుకుని నేర్చుకుంది. అప్పటినుంచి పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి ఆ పని తప్పలేదు. అయ్యాక టీచరమ్మ దగ్గుతుంది, పట్టిన గిన్నెలోకి కఫం పడుతుంది, ముఖం తేటపడుతుంది. పన్నెండు గంటల డ్యూటీకి ఏజెన్సీవాళ్ళు ఇంటివాళ్ళ దగ్గర తొమ్మిదివందలు తీసుకుని ఆమెకి ఆరువందలిస్తారు. ఆ ఆరువందల్లో ఈ పని ఉందా లేదా అని ఆమె ఎన్నడూ అడగలేదు.

మొన్న మధ్యాహ్నం గాలికని కిటికీ తీసి ఉంచింది. ఎదుటి మేడ మీదనుంచి ఎవరో వీడియో తీశారు. పదకొండు సెకన్లు. అందులో ఒక ఆడమనిషి వీపు, మంచం మీద నెరిసిన తల, లేచి పడుతున్న రెండు చేతులు. తువ్వాలు కనపడదు. చప్పుడు తీసేసి ఏడుపు సంగీతం పెట్టారు. కింద "మనకి అక్షరాలు నేర్పిన తల్లిని చావబాదుతున్న ఆయా! కడుపు మండితే షేర్ చేయండి" అని రాశారు. రెండు లక్షలమంది కడుపులు మండాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. నిన్న పొద్దున డ్యూటీకి వస్తుంటే గేటు దగ్గర ఒకాయన ఫోను ముఖం మీద పెట్టి, "ఏమ్మా, ఇందులో ఉన్నది నువ్వేనా?" అని అడిగాడు. దాచడానికేముందని ఆమె ఆగి నిలబడి జవాబు చెప్పింది. "నేనే. రోజూ మూడుపూటలా చేస్తాను. డాక్టర్లు చెయ్యమన్నారు, చెయ్యకపోతే ఆవిడకి ఊపిరాడదు." సాయంత్రానికల్లా అదీ వచ్చింది. "మూడుపూటలా చేస్తాను" దగ్గర ఆగిపోయింది. పైన "సిగ్గులేకుండా ఒప్పుకుంది" అని పెద్ద అక్షరాలు. దాంతోపాటు ఆమె ఫోను నంబరు.

ఆ అడిగినాయన్ని వీధిలో లైవ్ బాబు అంటారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఫోన్లు బాగుచేసే కొట్టుంది, వీధి విషయాలు పెట్టే పేజీ ఒకటుంది. కుళాయి గొట్టం పగిలినా లైవ్, రెండు కుక్కలు కాట్లాడుకున్నా లైవ్. తన పెళ్ళినాడు పెళ్ళికూతురికన్నా ఫోనువైపే ఎక్కువ చూశాడని చెప్పుకుని నవ్వుకుంటారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. కింద గేటు ముందు ముప్పైమంది పోగయ్యారు.

అన్నిటికన్నా ఆయాకి గుచ్చుకున్నది కూతురి మాట. ఆ పిల్ల బట్టల దుకాణంలో పనిచేస్తుంది. నిన్న ఇంటికొచ్చి, పళ్ళెం ముందు కూర్చుని, తినకుండా, "అమ్మా, నిజం చెప్పు. ఎప్పుడైనా విసుగొచ్చి ఒక్కటైనా వేశావా?" అని అడిగింది.

ఆయా గరిటె గిన్నెలో పెట్టేసింది. "నీకు వేశానే, చిన్నప్పుడు. ఆవిడకి వెయ్యలేదు," అంది.

కూతురు నవ్వబోయి నవ్వలేదు. నమ్మిందో లేదో తెలియలేదు.

ఆయాకి దేవుడి మీద భక్తి గట్టిది. పని మొదలుపెట్టే ముందు చేతులు కడుక్కుని ఒక్క క్షణం కళ్ళు మూసుకోవడం ఆమెకి అలవాటు. అంతా చూసేవాడొకడున్నాడన్న ధైర్యంతోనే ఇన్నేళ్ళూ ఎవరెవరి ఇళ్ళలోనో, ఎవరూ చూడని గదుల్లో ఒళ్ళు దాచుకోకుండా చేసింది. అయితే నిన్నటినుంచి ఆమెకో సందేహం పట్టుకుంది. మొదటినుంచీ చూస్తున్నవాడు ఇంతవరకూ నోరు విప్పలేదు. పదకొండు సెకన్లు చూసినవాళ్ళు అప్పుడే తీర్పు చెప్పేశారు. ఇందులో ఎవరిది ఓపిక, ఎవరిది తొందర అనుకోవాలి?

ఏజెన్సీ మేడమ్ పొద్దున్నే చెప్పేసింది. "నువ్వు మంచిదానివని నాకు తెలుసమ్మా. జనానికి తెలియాలిగా? ఇవాళ్టికి కానిచ్చెయ్, రేపట్నుంచి రావద్దు." టీచరమ్మ కొడుకు నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. తల్లంటే ప్రేమ ఉన్నవాడే, భయం ఇంకాస్త ఎక్కువ ఉన్నవాడు. భార్యనీ పిల్లల్నీ అత్తవారింటికి పంపేసి, సెలవు పెట్టి, గేటు దగ్గర అందరికీ సర్దిచెబుతూ నిలబడ్డాడు. "ఈ ఒక్కరోజుకీ ఆ పని ఆపెయ్ అక్కా. కిటికీ మూసినా చప్పుడు వీధిలోకి పోతుంది," అని పొద్దున్నే చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. అలా పొద్దుటి పూటా పోయింది, మధ్యాహ్నం పూటా పోయింది.

ఆయా టీచరమ్మ ఎడమ చెయ్యి తీసుకుని కిటికీ సందులోంచి పడుతున్న వెలుతురులో పెట్టి చూసింది. గోళ్ళు నీలంగా మారుతున్నాయి. దిండు కిందనుంచి ఫోను లాగి ఫిజియోథెరపీ ఆయనకి చేసింది.

"ఇంకా చెయ్యలేదా? వెంటనే చెయ్యమ్మా! నీ చేతులతో పోయేదాన్ని ప్రాణం మీదకి తెచ్చుకుంటారా?" అని కేకలేశాడాయన. పెట్టేసే ముందు గొంతు తగ్గించాడు. "చూడూ, నేను నేర్పానని మాత్రం ఎక్కడా అనకు. నాకూ పిల్లలున్నారు."

ఆయా ఫోను పక్కన పెట్టి లేచేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కొడుకు వచ్చాడు. అతని వెనకే లైవ్ బాబు.

"నమస్కారం టీచర్," అన్నాడు లైవ్ బాబు వంగి. "నేనండీ, నాలుగో తరగతి, చివరి బెంచీ. ఎక్కాలు రాక రోజూ నిలబడేవాణ్ణి."

టీచరమ్మ కళ్ళు అతని మీద నిలిచాయి. గుర్తుపట్టిందో లేదో గానీ చూపు తిప్పుకోలేదు.

"అక్కా, జరిగిందేదో జరిగిపోయింది," అన్నాడు అతను ఆయాతో. నిన్నటి "ఏమ్మా" ఇవాళ "అక్కా" అయింది. "ఈ సార్ అంతా చెప్పారు. కఫం కోసమంట కదా? నాకెలా తెలుస్తుంది చెప్పు."

"నేను చెప్పాను కదా బాబూ. నీ ఫోనులోనే చెప్పాను."

"అంటే... నిడివి ఎక్కువైందని ఆ ముక్క పోయింది."

"పోయిన ముక్క ఇప్పుడు పెట్టు."

చిన్నపిల్ల మాట విన్నట్టు నవ్వాడతను. "ఇప్పుడు పెడితే ఎవడు చూస్తాడక్కా? పైగా తప్పు పెట్టానని నన్ను ఉతికేస్తారు. అదికాదు, నేను చెప్పేది విను. ఇక్కడే లైవ్ పెడతా. రోజూ చేసేదే చెయ్యి. వీపు, తువ్వాలు, చెయ్యి ఎలా వంచుతావో అదీ, ఆ దగ్గు, ఆ పడేది, అన్నీ కనపడాలి. అసలు నిజం ఇదీ అని నేనే చెప్తా. రెండు లక్షలు కాదు, పది లక్షలమంది చూస్తారు. మీ ఏజెన్సీవాళ్ళు ఇంటికొచ్చి పిలవకపోతే నన్నడుగు."

"చేసెయ్ అక్కా," అన్నాడు కొడుకు. "ఎలాగూ చెయ్యాల్సిందే కదా. అమ్మ ముఖం పడకుండా తీస్తానన్నాడు."

"అసలు పడకపోతే ఎవరని నమ్ముతారు సార్? పక్కనుంచి కొంచెం పడుతుంది," అన్నాడు లైవ్ బాబు. "కొంచెమే."

ఆయాకి ఆశ పుట్టలేదంటే అబద్ధం. కూతురు దుకాణంలో నిలబడి ఆ వీడియో చూడటం, పక్కవాళ్ళకి చూపించడం, ఇంటికి పరుగున రావడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు కదిలాయి. ఒక్క పావుగంట పని. అదీ రోజూ చేసేదే. ఆమె వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. టీచరమ్మ నడుం కింద దిండు సర్ది, తువ్వాలు మడిచి పక్కన పెట్టి, వెనకవైపు గౌను ముడి విప్పింది.

వీపు బయటపడింది. కర్రల్లా లేచిన ఎముకలు, నడుం దగ్గర మానుతున్న పుండు, దాని కింద డైపరు అంచు. ముప్పైరెండేళ్ళు మెడదాకా జాకెట్టు గుండీలు పెట్టుకుని, చీర ఒక్క ముడత లేకుండా క్లాసుకి వెళ్ళిన మనిషి. లైవ్ బాబు ఫోను ఎత్తాడు.

ఆయా చేతులు ఆగిపోయాయి. ఇంతసేపూ తనూ అడగలేదని అప్పుడు తట్టింది.

"ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?" అంది.

"దానికేం భాగ్యం, అడుగుదాం." లైవ్ బాబు ఫోనుతో సహా ముందుకి వంగాడు. "టీచర్, వీడియో తీసుకోమంటారా?"

"సరే," అంది టీచరమ్మ.

"విన్నారుగా! రికార్డు కూడా అయింది."

కొడుకు నేలవైపు చూశాడు. అతనికి తెలుసు. పక్షవాతం మాటలన్నీ తీసుకుపోయి ఆవిడకి ఆ ఒక్క మాట వదిలింది. నీళ్ళు కావాలన్నా సరే, వద్దన్నా సరే, నొప్పి పుడితే సరే, కొడుకు మీద కోపం వచ్చినా సరే. కింది వాటా అద్దెకిచ్చేటప్పుడు ఆ మాట పట్టుకునే అతను "అమ్మ ఒప్పుకుంది" అని అందరికీ చెప్పాడు. ఆయా మాత్రం ఆ మాట వినదు. ఎడమ చేతిని చూస్తుంది.

ఆ చెయ్యి ఇప్పుడు తువ్వాలు అంచు దొరకబుచ్చుకుని భుజం మీదికి లాక్కుంటోంది. జారిపోతే మళ్ళీ పట్టుకుంటోంది. మెడమీదికి, ఇంకా పైకి, ముఖం మీదికి. "సరే," అంది టీచరమ్మ మళ్ళీ. "సరే, సరే." కంటినుంచి నీరు ముక్కు పక్కగా దిండులోకి జారింది.

"వద్దంటున్నారు," అంది ఆయా.

"సరే అంటుంటే వద్దంటావేంటక్కా? చెవులేమైనా..."

"బాబుగారూ, మీరు చెప్పండి. మీ అమ్మగారు ఏమంటున్నారు?"

కొడుకు ఇంకా నేలవైపే చూస్తున్నాడు. "అది కాదక్కా, నీ మంచికే కదా..."

"నా మంచి నేను చూసుకుంటాను. మీరిద్దరూ బయటికి నడవండి. ఈవిడకి ఊపిరందట్లేదు."

పదిహేడేళ్ళుగా ఎన్ని ఇళ్ళలో చేసినా ఏ యజమానినీ ఆమె గదిలోంచి పొమ్మనలేదు. ఆ మాట అనేశాక ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

లైవ్ బాబు ముఖం మారింది. "ఆలోచించుకో. ఇప్పుడీ తలుపు మూశావంటే రేపు నిన్ను ఎవడూ కాపాడలేడు. తియ్యనివ్వలేదని చెప్తే, ఏం దాస్తోందని అడుగుతారు జనం. ఏం చెప్పమంటావ్?"

"ఈవిణ్ణి దాస్తున్నానని చెప్పు."

ఆమె అరచెయ్యి ఫోను ముందు అడ్డం పెట్టి, అతన్ని గుమ్మం దాకా నడిపించింది. కొడుకు తనంతట తనే బయటికి జరిగాడు. ఆమె తలుపు మూసి గడియ పెట్టి, తువ్వాలు పక్కటెముకల మీద సర్దింది.

వణికే చేతిలో దోసిలి నిలవదు. మొదటి రెండూ చెంపదెబ్బల్లా పడ్డాయి. ఆపేసింది. కళ్ళు మూసుకుని, "చూస్తే మొత్తం చూడు తండ్రీ," అనుకుంది. వేళ్ళు దగ్గరకి చేర్చి, బొటనవేలు ఆనించి, మణికట్టు వదులు చేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చప్పుడు బోలుగా వచ్చింది. టప్, టప్, టప్.

తలుపవతల లైవ్ బాబు గొంతు లేచింది. గదిలో మాట్లాడిన గొంతు కాదు, ఫోనులో మాట్లాడే గొంతు. "వింటున్నారా ఫ్రెండ్స్? తలుపేసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మీ చెవులతో మీరే వినండి!"

మెట్ల మీద కాళ్ళు దడదడలాడాయి. ఎవరో తలుపు బాదారు. "తియ్యవే! తియ్!" గడియ గోడలోంచి ఊడొచ్చేలా అదిరింది. తలుపు ఒకసారి లోపలికి ఉబ్బి, ఆగింది. అవతల ఎవరో దానికి ఒళ్ళు ఆనించారు. అది తోసేవాడి బరువో, ఆపుతున్న కొడుకు బరువో ఆయాకి తెలియలేదు. వెనక్కి తిరిగి చూడటానికి వీల్లేదు. ఆ చోటికి ఇంకా మూడు నిమిషాలుంది.

చేతుల కింద గురగుర కొద్దిగా పైకి జరిగింది. దగ్గు ఇంకా రాలేదు.