వదిన ఫోటో ఖరీదు

స్టూడియో షట్టర్ రోజూ పొద్దున్నే ఎత్తేది వదిన. వీధి వీధంతా ఆవిడని వదిన అనే పిలుస్తారు కాబట్టి మనమూ అలాగే అందాం. ఆ షట్టర్ సగం దాకా బుద్ధిగా లేచి అక్కడ మొరాయిస్తుంది, మోకాలితో ఒక్కటిస్తే గానీ కదలదు. ఆ తర్వాత గది ఊడ్చడం, లెన్సు తుడవడం, వెనక వేలాడే నీలం తెర దులపడం, చీకటి గదిలో తొట్టెల నిండా ఫోటోలు కడిగే మందు నీళ్ళు కలపడం, నిన్నటి ఫోటోల అంచులు కత్తిరించడం. ఇదంతా అయ్యాక ఫోటోగ్రాఫరు, అంటే ఆవిడ మొగుడు, నున్నగా తల దువ్వుకుని టీ గ్లాసుతో మేడ దిగుతాడు. చుట్టూ చూసి, "ఇవాళ పెద్దగా పనేం లేనట్టుందే" అంటాడు. వెటకారం కాదు పాపం, నిజంగానే అలా అనుకుంటాడు.

ఫోటోగ్రాఫరు చాలా మంచివాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయనకి నిలువెల్లా మొహమాటం. ఎవరైనా "ఎంతండీ?" అంటే చాలు, చెమటలు పట్టేవి. మీ దగ్గర ఇంతని ఏం అడుగుతాం, ఎంతో కొంత ఇవ్వండి అని గొణిగి, కెమెరా మీద కప్పిన నల్లగుడ్డలో తల దూర్చేసేవాడు. డబ్బు బల్ల మీద పడిన చప్పుడు వినపడేదాకా బయటికి వచ్చేవాడు కాదు.

ఇంకో స్టూడియోలో అయితే దానివల్ల డబ్బు మాత్రమే పోయేది. ఇక్కడ ఫోటో కూడా పోయేది. ఎందుకంటే ఈ స్టూడియోలో ఇచ్చిన డబ్బుకి ఎంత మనిషో అంత మనిషే ఫోటోలో పడతాడు. వదిన మామగారు కొట్టు పెట్టిన రోజు నుంచీ అంతే. పొద్దున పంపులో నీళ్ళొస్తాయి, మధ్యాహ్నం రావు అన్నట్టు, ఇదీ అందరికీ తెలిసిన సంగతే. ఫోటోగ్రాఫరు బాబాయి ఒకాయన "మన కొట్టే కదరా" అంటూ గీచి గీచి బేరమాడాడు. ఫోటోలో ఆయనకి ఎడమ చెవి రాలేదు. ఆయనేం గొడవ పడలేదు, ఆ చెవి ఎలాగూ సరిగ్గా వినపడదులే అని ఫోటో జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

చేతుల సంగతైతే మరీను. పూర్తి ధర ఇచ్చినవాళ్ళకి కూడా మణికట్టు దాటాక చేతులు పొగమంచులా తేలిపోయేవి. ఈ కెమెరాకి చేతులు పడవు అని మామగారు తేల్చేశారు. అప్పట్నుంచీ జనం చేతులు వెనక్కి పెట్టుకుని ఫోటో దిగడం అలవాటు చేసుకున్నారు.

ఇక ఊరికే తీసిన ఫోటోలో మనిషే ఉండడు. వదిన పెళ్ళి ఫోటో చూస్తే తెలుస్తుంది. కొడుకూ కోడలి దగ్గర డబ్బేమిటని మామగారు ఊరికే తీశారు. పంతం కొద్దీ తమ వంతు డబ్బు కట్టిన చుట్టాలందరూ అటూ ఇటూ నిలబడి నవ్వుతున్నారు, మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ. ఆ ఫోటో ఇప్పటికీ మేడ మీద గోడకి ఉంది. ఆ తర్వాత కూడా ఫోటోగ్రాఫరు ఆవిడని ఎన్నోసార్లు ప్రేమగా కూర్చోబెట్టి ఫోటో తీశాడు. ఒక పెట్టె నిండా కుర్చీ ఫోటోలున్నాయి. కుర్చీ మాత్రం చక్కగా వచ్చింది.

మామగారు పోతూ పోతూ స్టూడియోని కోడలి పేర రాశారు. కొడుకు పేర పెడితే ఎవడో వచ్చి మొహమాటపెడతాడు, వీడు గోడలతో సహా ఇచ్చేస్తాడని ఆయన భయం. అందుకే లైసెన్సు ఆఫీసరు వచ్చినప్పుడు వదిననే అడిగాడు. పాత లైసెన్సు పెద్దాయనతోనే పోయిందట, కొత్తది ఆవిడ పేర రావాలట, దానికి ఆవిడ ఫోటో కావాలట. అదీ ఈ స్టూడియోలోనే తీసింది అయ్యుండాలి.

"పనితనం చూడకుండా లైసెన్సు ఎలా ఇస్తామమ్మా? యజమాని ఫోటో ఆ కొట్లోదే ఉండాలి, అది రూలు. నెలాఖరుకి ఇవ్వలేకపోతే షట్టర్‌కి సీలు వెయ్యాల్సి వస్తుంది" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

ఆయన లేచి వెళ్తుంటే ఫోటోగ్రాఫరు ఊరుకోలేక, మీకూ ఒక ఫోటో తీస్తాను ఉండండి, డబ్బులేం వద్దు అన్నాడు. ఆఫీసరు టీ కూడా పూర్తి చెయ్యకుండా గబగబా గుమ్మం మెట్లు దిగాడు.

ఆ కొట్టు పోతే వాళ్ళకి ఇంకో బతుకుతెరువు లేదు. పైగా ఆ గది అంటే ఆవిడకి ప్రాణం. మధ్యాహ్నం నీలం తెర మీద ఎండ పడితే గదంతా నీటి అడుగున ఉన్నట్టు ఉండేది, ఆ వెలుగులో కూర్చుని ఫోటోలు కత్తిరిస్తుంటే ఆవిడకి ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు.

సరే, ప్రయత్నం మొదలుపెట్టారు. వదిన సొరుగులోంచి డబ్బు తీసి మొగుడికిచ్చింది. ఆయన దాన్ని తీసుకుని మళ్ళీ అదే సొరుగులో వేశాడు. ఫోటోలో కుర్చీ వచ్చింది. మర్నాడు వాళ్ళక్క దగ్గర అడిగి తెచ్చుకున్న డబ్బు కట్టింది. ఈసారి తొట్టెలో కాగితం మీద మొహం తేలుతుంటే ఇద్దరూ ఆత్రంగా వంగారు. తీరా చూస్తే అక్క. వదిన బట్టలు కట్టుకుని, చొట్టబుగ్గలతో నవ్వుతూ కూర్చుంది. ఎవరి డబ్బైతే వాళ్ళే వస్తారని ఇద్దరికీ అర్థమైంది. ఆ ఫోటో అక్కకే పంపేశారు, చాలా బాగుందని ఆవిడ తెగ సంబరపడింది.

"నీ సొంత డబ్బు ఉంటే తియ్యి మరి" అన్నాడు ఫోటోగ్రాఫరు.

వదిన ఆలోచించింది. పెట్టెలో వెతికింది, పాత పర్సు దులిపి చూసింది. ఉన్నదంతా ఇంటి ఖర్చులకని ఆయనిచ్చిందే. ఇన్నేళ్ళు పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా పని చేసిన మనిషికి నాది అని చెప్పుకోవడానికి ఒక్క నోటు లేదు. నా డబ్బంటూ ఏం లేదండీ అని ఆవిడ కుర్చీలో కూలబడిపోయింది.

ఆయన కంగారు పడిపోయాడు. "అదేంటి, అలా అంటావ్? సొరుగంతా నీదే. కొట్టూ నీదే. నేనూ నీవాణ్ణే. నీకెంత కావాలంటే అంత తీసుకో, నేనెప్పుడైనా వద్దన్నానా?"

"అనలేదండీ. ఇంత నీదీ అని చేతిలో పెట్టిందీ లేదు."

అని ఏడ్చింది. ఎప్పుడూ ఏడవని మనిషి ఏడిస్తే చూడ్డం చాలా కష్టం. ఫోటోగ్రాఫరు ఏం చెయ్యాలో పాలుపోక నల్లగుడ్డలో తల దూర్చబోయి, మళ్ళీ సిగ్గేసి ఆగిపోయాడు.

మర్నాడు వదిన గోడ మీది ధరల బోర్డు దింపింది. అది మామగారి కాలం నాటిది. పాస్‌పోర్టు సైజు, గ్రూపు ఫోటో, ఇంటికొచ్చి తీస్తే, ఫ్రేము కడితే, కాపీలు, అన్నింటికీ ధరలు ఆ ముసలాయన ఎలా రాశారో అలాగే ఉన్నాయి. బోర్డు వెనక్కి తిప్పి, సుద్దముక్క పట్టుకుని, ఒక ఫోటోకి ఏమేం పడుతుందో రాయడం మొదలుపెట్టింది. కాగితం. మందు నీళ్ళు. కరెంటు. లైట్లు మాడిపోతే కొత్తవి. కెమెరా బాగుచేయించడం. ఫోటోగ్రాఫరు కూలి.

అక్కడ ఆవిడ చెయ్యి ఆగింది. తర్వాత ఏం రాయాలో ఆవిడకి తెలుసు, కానీ చచ్చేంత సిగ్గు ముంచుకొచ్చింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, సొంత కొట్లో పనికి లెక్కేమిటి, ఈవిడకి ఇంత ఆశ పుట్టిందా అనరూ? మొహమాటం మొగుడి జబ్బనుకుని ఇన్నేళ్ళు ఆయన్ని ఆడిపోసుకుంది. తీరా చూస్తే తనకీ పీకల దాకా ఉంది. కాసేపు సుద్దముక్కని అలా నలుపుతూ కూర్చుని, ఆఖరికి పళ్ళు బిగబట్టి రాసేసింది. వదిన కూలి. కడగడం, ఆరబెట్టడం, కత్తిరించడం, మచ్చలు దిద్దడం, ఏడ్చే పిల్లల్ని నవ్వించడం. కూడితే ధర బాగానే పెరిగింది. ఆ లెక్కనే గ్రూపు ఫోటో నుంచి కాపీల దాకా అన్ని ధరలూ కొత్తగా రాసి, బోర్డు మళ్ళీ గోడకి తగిలించింది.

కొత్త బోర్డు చూసి ఫోటోగ్రాఫరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఒక్క పురుగు కూడా గుమ్మం తొక్కదు అన్నాడు. తొక్కకపోతే నెలాఖరుకి ఎలాగూ సీలే కదా, దానికంటే ఏం పోతుంది అంది వదిన.

ముందుగా వచ్చింది పక్క సందులో ఇస్త్రీ చేసే ఆయన. బోర్డు చూసి, ఇదేంటి వదినా, చెప్పాపెట్టకుండా ఇలా పెంచేశావు అని నొచ్చుకున్నాడు. ఫోటోగ్రాఫరు నోరు తెరిచి "మీ దగ్గరైతే..." అనేలోపు వదిన ఆయన కాలు తొక్కింది. ఇస్త్రీ ఆయన సణుక్కుంటూనే పూర్తిగా కట్టాడు. అలవాటు ప్రకారం చేతులు వెనక్కి పెట్టుకోబోతే, ఈసారి ఒళ్ళో పెట్టుకోండి చూద్దాం అంది వదిన. ఎందుకన్నదో ఆవిడకే తెలియదు.

తొట్టెలో ముందు వచ్చింది చేతులే. తేటగా, గోళ్ళతో సహా వచ్చాయి. బొటనవేలి పక్కన ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చ కూడా ఉంది. మామగారు తప్పు చెప్పారు. కెమెరాకి చేతులంటే పడకపోవడం కాదు, ఇన్నేళ్ళూ ఒకరి చేతి పని ధరలో కలవలేదు, అంతే. ఇస్త్రీ ఆయన ఆ ఫోటోని చాలాసేపు చూసుకున్నాడు. ఇంత పని చేశాయా ఇవి అని మెల్లగా అన్నాడు. వీధిలోకి వెళ్ళి కనపడినవాళ్ళందరికీ చూపించాడు.

ఆ తర్వాత జనం చేతుల కోసం వచ్చారు. గొణిగేవాళ్ళు గొణిగారు, బేరమాడబోయినవాళ్ళు బాబాయి చెవి గుర్తొచ్చి ఆగిపోయారు. మధ్యాహ్నం పూట ఆ నీలం వెలుగులో, దండేల మీద ఆరుతున్న ఫోటోల్లో ఎన్నెన్ని చేతులో. గాలి వచ్చినప్పుడల్లా అవి కొంచెం కదిలేవి, వదిన కింద నిలబడి చూస్తూ ఉండిపోయేది.

నెల చివరికొచ్చింది. ఫోటోగ్రాఫరు వదిన కూలి లెక్కకట్టి కవరులో పెట్టి తెచ్చాడు. అంతా నీదే కదా అనబోయి మింగేశాడు. "ఇది నీది" అని చేతిలో పెట్టాడు. ఆవిడ కవరుని గుండెలకి ఆనించుకుంది. తర్వాత మొహం కడుక్కుని, వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఎంతండీ?" అని అడిగింది.

పాపం, ఆయనకి మళ్ళీ చెమటలు. పరాయివాళ్ళ దగ్గరే నోరు రాని మనిషి, కట్టుకున్న పెళ్ళాన్ని డబ్బెలా అడుగుతాడు? బోర్డు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. నీ మొదటి సంపాదన, దాన్ని నేను తీసుకోవడమేంటి, పోనీ సగం ఇవ్వు అని బతిమాలాడు.

"సగమిస్తే సగమే వస్తాను. మీకు నాలో ఏ సగం అక్కర్లేదో చెప్పండి."

ఆయన జీవితంలో మొదటిసారి, తలెత్తి, స్పష్టంగా, పూర్తి ధర చెప్పాడు. ఆవిడ ఇచ్చింది. ఆయన లెక్కపెట్టుకుని తీసుకున్నాడు.

చీకటి గదిలో ఎర్ర లైటు కింద ఇద్దరూ తొట్టె మీదకి వంగారు. చాలాసేపు కాగితం తెల్లగానే ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆయన మూసుకోలేదు. ముందు కుర్చీ వచ్చింది, ఎప్పటిలాగే. ఆ కుర్చీలో, ఒళ్ళో రెండు చేతులు పెట్టుకుని, మెల్లమెల్లగా వదిన వచ్చింది. పూర్తిగా వచ్చింది. మందు నీళ్ళకి చిట్లిన వేళ్ళు, కనుబొమల మధ్య గీత, చెవి వెనక్కి తోసుకున్న నెరిసిన పాయ, కొంచెం భయం, బోలెడంత పట్టుదల.

"ఈ జుట్టు ఎప్పుడు నెరిసింది?" అన్నాడాయన.

"చాలా కాలమైంది."

"నేను చూడనేలేదు" అని ఆయన ఏడ్చేశాడు. మందు నీళ్ళు పాడవుతాయి, అటు జరిగి ఏడవండి అంది వదిన. తనూ అటే జరిగింది.

ఆఫీసరు వచ్చి ఫోటోని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎదురుగా కూర్చున్న మనిషినీ చూశాడు. లైసెన్సు మీద అతికించి ముద్ర వేశాడు. వదిన దాన్ని బోర్డు పక్కనే గోడకి తగిలించింది.

ఆయన వెళ్ళాక ఫోటోగ్రాఫరు దాని ముందే తచ్చాడడం మొదలుపెట్టాడు. తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు. చివరికి, జేబులో పెట్టుకోవడానికి తనకో కాపీ కావాలని నసిగాడు. వదిన కత్తెర పట్టుకున్న చేత్తోనే బోర్డు చూపించింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కాపీల వరుసలో ధర ఎంతుందో చూసి, తన కూలి డబ్బులోంచి తీసి, బల్ల మీద పెట్టాడు. ఒక్క పైసా కూడా తగ్గించమని అడగలేదు.