బీడీ దారం కట్టిన కాలు

నేను ఒక ఫోన్ స్టాండును. మూడు కాళ్లు, ఒక తల. తలలో ఎవరి ఫోన్ పెడితే వాళ్ల ఆలోచనే నాది. ఏదో ఫ్యాక్టరీలో నల్ల ప్లాస్టిక్‌ను అచ్చులో పోస్తే పుట్టాను. నన్ను మొదట కొన్నవాడు పెళ్లిళ్లలో డాన్సులు తీసేవాడు. ఒక బరాత్‌లో పెళ్లికొడుకు మేనమామ నా కాలు తొక్కి విరిచాడు. విరిగిన సంగతి చెప్పకుండా నన్ను బీడీ పింఛనుదార్ల సంఘానికి అంటగట్టారు.

నేను నిలబడలేక ఒరుగుతుంటే, దేవవ్వ అనే ముసలమ్మ కొంగున ఉన్న బీడీ దారం తీసి, విరిగిన చోట నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. ఆ ముడి మీదే బతుకుతున్నాను.

ఆమె బాధ వేరు. పింఛను రావాలంటే నెలనెలా యంత్రం మీద వేలిముద్ర పడాలి. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు గాజుపెంకులా నున్నగా అరిగిపోయాయి. రెండు నెలలుగా ముద్ర పడలేదు. వరసగా నాలుగు నెలలు పడకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారట.

సంఘం సెక్రెటరీ రాజమల్లు, బీడీ కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు, "వీడియో పెడితె సర్కారే దిగొస్తది" అన్నాడు. నా ముందు నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అందులో పదిహేను నిమిషాలు సంఘం చరిత్ర. నూటపన్నెండు మంది సభ్యులూ దాన్ని క్రమశిక్షణగా సంఘం గ్రూపులోనే ఒకరికొకరు పంపుకున్నారు. చూసినవాళ్లు మొత్తం నూటపన్నెండు. సర్కారు ఆ గ్రూపులో లేదు.

మూడో నెల యంత్రం వచ్చిన రోజున దేవవ్వను పంచాయతీ ఆఫీసు అరుగు మీద నా ముందు కూర్చోబెట్టారు.

"జర ఏడ్వక్కా. ఏడిస్తెనే నలుగురు సూస్తరు" అన్నాడు రాజమల్లు.

"నా మొగడు పోయిననాడు ఏడ్సిన. గీ డబ్బా కోసం ఏడ్వాల్నా? ఉత్తగ కూసుంటె నాకు మాట రాదు. నా చాట తెప్పియ్యి."

చాట ఒళ్లో పడగానే ఆమె మమ్మల్ని మరిచిపోయింది. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, ఇరవై అయిదు బీడీల కట్ట తయారుచేసింది. తర్వాత బొటనవేలు కొంగుకు తుడుచుకుని యంత్రం మీద పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

"గీ వేళ్లు నావి కావంటంది," అంది నా వైపు చూసి. "మరి ఎవలియో అడుగుండ్రి."

ఈసారి పక్క జిల్లా సంఘం వాళ్లు ఫోన్ చేసి రాజమల్లుకు బుద్ధి చెప్పారు. "మనలో మనం పంపుకుంటె ఏమొస్తదన్నా? మంత్రి పేజీ కింద పెట్టుండ్రి. అందరు ఒక్కటే గంటకు." సోమవారం పదింటికి, మంత్రిగారు మొక్క నాటుతున్న ఫొటో కింద దేవవ్వ వీడియో నూటపన్నెండు సార్లు పడింది. మరునాటి నుంచి వేరే ఊళ్ల ఆడవాళ్లూ మొదలుపెట్టారు. ఒక కట్ట, ఒక బొటనవేలు, ఒక ఎర్రలైటు. మూడో రోజుకు మంత్రిగారు మొక్కల ఫొటోలు పెట్టడం మానేశారు. రెండు వారాలకు ఉత్తర్వు వచ్చింది: వేలిముద్ర పడనివాళ్లకు ఫోన్‌లో ముఖం చూసి పింఛను ఇవ్వవచ్చు.

రాజమల్లు తన ఫొటోతో తనకే అభినందనలు పెట్టుకున్నాడు. చాలామంది దండం బొమ్మలు పంపారు.

నాలుగో నెల పింఛను పంచే అతను తన ఫోన్‌ను నా తలలోనే పెట్టాడు. "కదలకవ్వా. రెప్పలు కొట్టు." ఆమె కొట్టింది. పచ్చలైటు వెలిగింది.

"గుర్తువట్టిందా?"

"పట్టిందవ్వా."

"మంచిగైంది. ఊర్ల నన్ను గుర్తువట్టనిది అదొక్కటే ఉండె."

ఇప్పుడు సంఘం గదిలో, పాత జెండాల పక్కన ఉంటున్నాను. మొన్న ఎవరో నన్ను చూసి ఈ దారం తీసేసి టేపు వేద్దామన్నారు. గోళ్లతో గీకారు, పళ్లతో లాగారు. ముడి రాలేదు.