ప్రతిసారీ కొత్త పెట్టె

గొంతు ఆపరేషన్‌కి ముందే బాబాయి తన గొంతు రికార్డు చేయించుకున్నాడు. ఇప్పుడు ఆయన టైపు చేస్తే, మంచం పక్కనున్న చిన్న కంప్యూటరు ఆ గొంతుతోనే మాట్లాడాలి. కానీ ఎవరిదో అరువు గొంతు, వార్తలు చదివినట్టు, "మంచినీళ్ళు కావాలి" అంటోంది.

"ఆ గొంతుకి నేను బదులివ్వను," అని పిన్ని ఖరాఖండిగా చెప్పేసింది. నీళ్ళు మాత్రం తెచ్చి పెడుతుంది, పెదవి విప్పకుండా.

తప్పు ఆ కంప్యూటరు ఇచ్చిన మా షాపుదే. అద్దెకిచ్చే కంప్యూటర్ల డిస్కుకి తాళం వేసి పంపడం మా అలవాటు. ఎవరెంత కెలికినా సరే, ఆపి ఆన్ చేస్తే మళ్ళీ కొత్తదైపోతుంది. ఈ తెలివికి తెగ మురిసిపోయేవాళ్ళం. తీరా చూస్తే, అందులోని లినక్స్, అంటే కంప్యూటర్ని నడిపే సాఫ్ట్‌వేర్, తన గుర్తింపు సంఖ్యని కూడా మరిచిపోయి, ఆన్ చేసినప్పుడల్లా కొత్తది పుట్టిస్తోంది. గొంతు దాచిన కంపెనీవాళ్ళు ఆ సంఖ్య చూసే గొంతు ఇస్తారు. రోజుకో కొత్త కంప్యూటరు పెట్టె వచ్చి బాబాయి గొంతు అడుగుతుంటే దొంగలనుకుని ఆపేశారు. కాళ్ళావేళ్ళా పడితే, ఒక్క సంఖ్య పంపమన్నారు. అది మారిందా, గొంతు శాశ్వతంగా మూసేస్తారట.

డిస్కులో చెరిగిపోని చిన్న భాగం వేరుచేసి సంఖ్యని అందులో దాచాను, కంపెనీకీ అదే పంపాను. లినక్స్ లేవగానే ముందు దాన్ని చదువుకుని, ఆ తర్వాతే మిగతా పనుల జోలికి వెళ్ళేలా చేశాను. ఇంటర్నెట్ వైరు పీకేసి, ఆపి ఆన్ చేశాను. రీసెట్ కూడా చేశాను. అదే సంఖ్య. వైరు మళ్ళీ పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఏదైనా తేడా వస్తే పిన్నికి మొహం ఎలా చూపించను?

బాబాయి టైపు చేశాడు.

"పెట్టవే, పిచ్చుకా," అంది అరువు గొంతు. చిన్నప్పటి నుంచీ ఆయన నన్ను పిలిచే పిలుపు అది. ఆ గొంతులో వింటే ఏడుపొచ్చింది. వైరు పెట్టేశాను.

ఆయన మళ్ళీ టైపు చేశాడు, నిదానంగా.

"ఏమోయ్, కాసిని మంచినీళ్ళు."

కాస్త బొంగురు, చివర్లో ఆయన మార్కు సాగతీత.

"వస్తున్నా! ఒక్క క్షణం ఆగలేరూ?" వంటింట్లోంచి పిన్ని కసురుకుంది.

అంతలో కుళాయి చప్పుడు ఆగిపోయింది. పిన్ని తడి చేతులతో, నీళ్ళు లేకుండానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏదీ, మళ్ళీ అనండి," అంది.